కాలకంఠానికి బుద్ధొచ్చిన రోజు

పోయిన వారం చీపురుపల్లి జగన్నాధాన్ని ఉప్పుపేటలో తవిటమ్మ గుమ్మం ముందు మిట్టమధ్యాహ్నపు ఎండలో నిలబెట్టి మన దారిన మనం వచ్చేశాం. పాపం, ఆయన ఇంకా అక్కడే ఉన్నాడు. చంకలో సినిమా కథ కట్ట, గడప మీద ఆయన పెట్టిన తాంబూలం, లోపల ఎంతకీ బయటికి రాని తవిటమ్మ.

నిజంగా బతికిన మనిషి కథ ఆడేముందు ఆ మనిషి ఇంటి గడప మీద తాంబూలం పెట్టి సెలవు తీసుకోవాలని జగన్నాధం వాళ్ల నాటక సమాజంలో ఓ ఆనవాయితీ. ఇంటివాళ్లు ఆకు తీసుకుంటే ఆడొచ్చు. ఆకు వాడిపోయిందంటే మాత్రం వేషగాడు తట్టా బుట్టా సర్దుకోవాలి. నాలుగేళ్ల కిందట 'కన్నీటి కొఠారు' సినిమాకి ఇదే గడప మీద తాంబూలం పెడితే తవిటమ్మ చటుక్కున తీసుకుంది. "ఆడి వేషం కట్టు బావూ. జనం ఉమ్మీలాగ కట్టు," అంది.

జనం ఉమ్మేలాగే కట్టాడు జగన్నాధం. అందులో ఆయన కాలకంఠం అనే ఉప్పు కంట్రాక్టరు. ఎడమ కనుబొమ్మ పైకి లేపి, "ఉప్పు తిన్నవాడు నీళ్లు తాగుతాడు. నా ఉప్పు తిన్నవాడు సముద్రం తాగుతాడు!" అని గొంతు తగ్గించి అన్నాడంటే హాల్లో పసిపిల్లలు పాలు మానేసేవాళ్లు. చీపురుపల్లి టూరింగ్ టాకీసులో మొదటాట నాడే చెప్పులు పడి తెరకి కన్నం పడింది. సరిగ్గా కాలకంఠం బుగ్గ మీద. డేరా యజమాని నల్లగుడ్డతో మాసిక వేయించాడు. ఆ తర్వాత ఆ తెర మీద ఆడిన ప్రతి హీరోకీ బుగ్గన పుట్టుమచ్చే. దేవుళ్ల సినిమా వేసినా దేవుడికీ అదే. పక్కూరి జనం మాత్రం చీపురుపల్లి దేవుడే అందగాడని బళ్లు కట్టుకుని వచ్చారంటారు.

నవ్వడానికి బాగానే ఉంది. జగన్నాధానికి నవ్వు రావడం మానేసి నాలుగేళ్లయింది. సంతలో ఆయన వంకాయ ముట్టుకుంటే బేరగత్తె ఆ వంకాయ తీసి పక్కన పడేస్తుంది. ఆయన భార్య లక్ష్మీనరసమ్మని వీధిలో కాలకంఠం పెళ్లామంటారు. అవన్నీ ఓర్చుకున్నాడు. ఓర్చుకోలేనిది ఒక్కటే. నాలుగేళ్ల మనవరాలు అమ్మడు పోయిన ఏడు ఆ డేరాలో సినిమా చూసింది. అప్పటినుంచి తాత ఒళ్లోకి రాదు. ఆయన అరుగు మీద కూర్చుంటే దొడ్డిదారిన ఇంట్లోకి పోతుంది.

అందుకే రెండో భాగం తీస్తున్నామని, కథా దర్శకత్వమూ రెండూ తనే అయిన గణపతిరావు కబురు పెట్టగానే ఎగిరి గంతేశాడు. రెండో భాగంలో కాలకంఠానికి బుద్ధొస్తుంది. జనం కోసం ప్రాణమిస్తాడు. మనవరాల్ని పక్కన కూర్చోబెట్టుకుని ఆ సినిమా చూడాలి, సినిమా అయ్యేసరికి అది తన ఒళ్లో ఉండాలి. ఇంతకు మించి జగన్నాధం దేవుణ్ణి ఏమీ అడగలేదు.

తలుపు కిర్రుమంది. తవిటమ్మ గడప అవతలే నిలబడింది. ఆకు వంక చూడలేదు.

"ఏటి బావూ, ఆడికి బుద్ధొచ్చినాదంట?"

"సినిమాలో వస్తాది తవిటమ్మా."

"మరి నాకు తెలీదే!"

జగన్నాధం కథ కట్ట ఒక చంకలోంచి ఇంకో చంకలోకి మార్చుకున్నాడు.

"ఆడు మారితే ముందు నాకు తెలియాల కదా? మదరాసోలికి తెలిసి, చీపురుపల్లోలికి తెలిసి, నాకు తెలీకుండా ఆడెలగ మారినాడు? మారమను, నానొద్దన్నానా? ఇదిగో, ఈ గుమ్మంలోకొచ్చి మారమను. తెర మీద మారడమేటి?"

కాలకంఠం అసలు ఎవరో ఉప్పుపేటలో అందరికీ తెలుసు. ఎవరూ పైకి అనరు. తొమ్మిదేళ్ల కిందట ఉప్పు కూలీలంతా కలిసి మొదటిసారి సొంతంగా ఉప్పు పండే మళ్లు కౌలుకి తీసుకున్నారు. కంట్రాక్టరు నరసింగరావుకి అది కంట్లో ఉప్పురాయి అయింది. పంట తీసే వారంలో, పున్నమి పోటు నాడు, పొద్దెక్కే వేళ తూము తెగి సముద్రం మళ్లలోకి వచ్చేసింది. ఉప్పంతా కరిగిపోయింది. తూముకి తలుపులా ఉండే చెక్క పలక ముక్కయినా దొరకలేదు. తవిటమ్మ మొగుడు దాలయ్య దొరికాడు, మధ్యాహ్నం, ఒడ్డున, ఊపిరి లేకుండా. ఆ పొద్దు తాను బరంపురంలో ఉన్నానని నరసింగరావు ఊరి మధ్య ఉప్పు పట్టి ప్రమాణం చేశాడు. సినిమాలో మాత్రం కాలకంఠం మనుషులు దాలయ్యని గట్టు మీద పొడిచి చంపుతారు. నిజంగా ఏం జరిగిందో చూసినవాళ్లు లేరు గనక గణపతిరావు తోచినట్టు తీసుకున్నాడు.

జగన్నాధం తువ్వాలుతో మెడ తుడుచుకున్నాడు. "నా గోల కూడా ఇను తవిటమ్మా. నా మనవరాలు నన్ను చూసి దాక్కుంటాది. నా సొంత మనవరాలు! మొన్న జొరంతో పడుకుంటే తలకి తడిగుడ్డ వేద్దామని దగ్గరికెళ్లాను. 'ఉప్పు తినిపించీకు తాతా' అని ఏడిసింది."

తవిటమ్మ ముఖంలో బిగువు కాస్త సడలింది. గడప మీద చతికిలబడింది. తాంబూలం ఇద్దరి మధ్యా ఉంది. ఆకు అంచులు ఎండకి ముడుచుకుంటున్నాయి.

"సదువు. ఆడెలగ మారినాడో ఇంటాను."

జగన్నాధం కట్ట విప్పాడు. ఆఖరి ఘట్టం తీశాడు. గొంతు సవరించుకుని, అలవాటు కొద్దీ కాస్త రాగం కూడా కలిపి చదివాడు.

"కాలకంఠం తూము వద్దకు పరుగెత్తును. పలక క్రింది సందులోనుండి పోటునీరు చిమ్ముచుండును. భుజము ఆనించును. నీరు ఆగదు. అంతట తన తలగుడ్డ విప్పి, మోకాళ్లపై కూలబడి, ఆ సందులో కుక్కును. నీరు ఆగును. మళ్లలోని కూలీలు పైకి పరుగెత్తి బ్రతుకుదురు. 'నా పాపము ఈ నీటితో పోవు గాక!' అని కాలకంఠం కేక వేయును. పెద్ద కెరటము వచ్చి..."

"ఆపు."

ఆపాడు.

"అది మావోడి సావు బావూ." తవిటమ్మ గొంతు పెంచలేదు. "తూము తెగిందంటే ఆగే మనిషి కాడు. భుజం పెట్టే ఉంటాడు. నానెరుగుదును కదా. మొదటి సినిమాలో ఆడిని కత్తితో పొడిపించినారు. పోన్లే, బొమ్మ కదా అనుకున్నాను. ఇప్పుడు ఆడి సావు తీసి, ఆడిని సంపినోడికి ఇచ్చేస్తన్నారా? ఆడికి నానున్నాను, ఆడి సావున్నాది. ఇంకేటి మిగిలింది ఆడికి?"

జగన్నాధం కాగితాలు మడవబోయాడు. తవిటమ్మ చెయ్యి వచ్చి ఆ కాగితం మీద పడింది. ఆమెకి అక్షరం ముక్క రాదు. అయినా అక్కడ ఏదో కనిపిస్తున్నట్టు వేలుతో రుద్దింది.

"తలగుడ్డ అన్నావు. మళ్లీ సదువు."

చదివాడు.

"ఆడి తలగుడ్డ దొరకనేదు బావూ. పసుపు గుడ్డ. నా పెళ్లికోక చింపి కట్టుకునీవోడు, ఎర్రంచు ఉండీది. పదమూడు రోజులు ఒడ్డంతా ఎతికినాను. సముద్రం పట్టుకుపోయినాదన్నారు. అది తూము సందులో కుక్కినాడని ఎవులికి తెలుసు? నాకే తెలీదు! ఈ రాతగాడికి ఎలగ తెలిసింది?"

జగన్నాధం కాగితం వంక కొత్తగా చూశాడు. పొద్దున్న నౌపడ స్టేషన్లో రైలు దిగగానే గణపతిరావు అన్న మాట చెవిలో మోగింది. 'ఆఖరి ఘట్టం నా బుర్రలో పుట్టింది కాదండోయ్. నరసింగరావు గారే చెప్పారు. చెప్తూ చెప్తూ కళ్లనీళ్లు పెట్టుకున్నారు. షూటింగుకి బంగళా ఇచ్చారు, ఉప్పు మళ్లు ఇచ్చారు. కథ కూడా ఇచ్చారంటే చూడండి!'

నరసింగరావు నిలబడే పంచాయతీ సమితి ఎన్నికలు దగ్గర పడుతున్నాయి. నరసింగరావు జీపు వెనక ఊరి పిల్లలు "కాలకంఠం! కాలకంఠం!" అని పరిగెడుతున్నారు. ఒకే పేరు ఇద్దర్నీ కాలుస్తోంది. మాన్పుకోవడానికి ఇద్దరికీ ఒకే మందు దొరికింది.

"తవిటమ్మా," అన్నాడు జగన్నాధం. "నాలుగ్గంటలకి బంగళాలో మాట ఖాయం చేసుకుంటాం. నువ్వు రా."

"నన్ను రానిస్తారా?"

"కాలకంఠం పిలిస్తే ఎవడు ఆపుతాడు?"

ఆమె లేచింది. తాంబూలం ముట్టుకోలేదు. మూలనున్న కుండలోంచి గుప్పెడు ఉప్పు తీసి కొంగున ముడి వేసుకుంది.

*

నరసింగరావు బంగళా వరండాలో ఫ్యాను తిరుగుతోంది. అదంటే ఆ చుట్టుపక్కల అందరికీ వింతే. నరసింగరావు అరవై ఏళ్ల మనిషి, పచ్చగా, గుండ్రంగా, చూడగానే ఎవరికైనా కాళ్లకి దండం పెట్టాలనిపించే ముఖం. జగన్నాధానిదేమో ఎండు కొబ్బరి చిప్పలాంటి ముఖం. దేవుడు ఈ ఇద్దరికీ ముఖాలు ఇచ్చేటప్పుడు పరధ్యానంలో ఉన్నాడన్నమాట.

"రావయ్యా నా రెండో రూపం!" అని నరసింగరావు నవ్వాడు. "నీ పేరు నాకంటించావు. ఇప్పుడు నువ్వే కడగాలి. ఏమంటారు గణపతిరావు గారూ?"

"కడిగేస్తారండీ. తెల్లగా ఉతికేస్తారు," అన్నాడు గణపతిరావు కాఫీ ఊదుకుంటూ.

తవిటమ్మ స్తంభం పక్కన, మెట్టు మీద నిలబడింది. నరసింగరావు చూసి, చూడనట్టు ముఖం తిప్పుకున్నాడు.

జగన్నాధం కూర్చోలేదు. ముప్ఫై ఏళ్లు నాటకాలాడినవాడు. ఎదటివాడి నోట మాట రప్పించాలంటే అడగకూడదని ఆయనకి తెలుసు. తప్పు ఆడాలి. తప్పు ఆడితే ముసలమ్మ కూడా లేచి, ఒరే అలాగ కాదురా అంటుంది.

"బాబూ, ఖాయం చేసుకునే ముందు ఆఖరి ఘట్టం ఓసారి ఆడి చూపిస్తాను. తప్పుంటే దిద్దండి."

"భేషుగ్గా!" నరసింగరావు కుర్చీ ముందుకి జరుపుకున్నాడు.

జగన్నాధం పరుగెత్తుకొచ్చాడు. వరండాలోంచి ఇంట్లోకి తెరుచుకునే తలుపుకి భుజం ఆనించాడు. ఆయాసపడ్డాడు. పళ్లు కొరికాడు. గణపతిరావు కాఫీ చల్లారిపోయింది. తలకి చుట్టిన తెల్ల తువ్వాలు విప్పి, నిలబడే, తలుపు కుడివైపు పైసందులో కుక్కబోయాడు.

"అక్కడ కాదయ్యా!" అన్నాడు నరసింగరావు.

"ఇక్కడా బాబూ?"

"కింద, కింద! ఎడమ మూల. అక్కడే కదా చెక్క పుచ్చింది. మోకాళ్ల మీద కూలబడాలి. కుడిచేత్తో పలక పట్టుకుని ఎడమచేత్తో కుక్కాలి. ఒక్కసారి కాదు, కొంచెం కొంచెంగా, అంచు లోపలికి మడిచి."

జగన్నాధం మోకాళ్ల మీద కూలబడ్డాడు. ఇక ఒక్క అడుగే ఉంది. తువ్వాలు ఎత్తి చూపించాడు.

"తెల్లగుడ్డ బాగుంటుందా బాబూ? తెర మీద మెరుస్తుందని."

"తెల్లదేమిటయ్యా నీ మొహం! పసుప్పచ్చగా, ఎర్రంచుతో..."

తవిటమ్మ మెట్టెక్కి వచ్చింది. కొంగుముడి విప్పింది. నరసింగరావు కుడిచెయ్యి పట్టుకుని, అరచెయ్యి తెరిచి, అందులో గుప్పెడు ఉప్పు పోసింది.

ఉప్పుపేటలో ఉప్పు ఎవరూ ఎవరి చేతికీ అందివ్వరు. కింద పెడతారు, తీసుకుంటారు. చేతిలోనే పోశారంటే ప్రమాణం చెయ్యమని. పోసిన ఉప్పు నేలపాలు చేస్తే వంశం నిలవదంటారు. నరసింగరావుకి ఏళ్ల తరబడి ఆ ఊరి ఉప్పే అన్నం. చెయ్యి విదిలించలేకపోయాడు.

"ఆ పొద్దు బరంపురంలో ఉన్నారు కదా బాబూ," అంది తవిటమ్మ. "బరంపురం నుంచి పసుపు గుడ్డ అవుపించినాదా?"

గణపతిరావు లేవబోయి, మళ్లీ కూర్చున్నాడు. జగన్నాధం మోకాళ్ల మీదే ఉన్నాడు. నరసింగరావు ఇప్పుడు అరుస్తాడు, మనుషుల్ని కేకేస్తాడు, గెంటిస్తాడు. సినిమాలో అయితే తాను అదే చేసేవాడు.

నరసింగరావు అరవలేదు. కళ్లు నిండాయి. రెండు బుగ్గల మీదా ధార కట్టాయి.

"ఉన్నాను," అన్నాడు. "ఇక్కడే ఉన్నాను. ఆ బరంపురం మాట అబద్ధం. ఎన్నాళ్లని మొయ్యనే తవిటమ్మా? నీ మొగుడు నా కళ్లెదుటే పోయాడు. ఆ పొద్దు నుంచి నేను నేను కాదు. మారిపోయాను. మారానని ఎవరికి చెప్పను? చెబితే ఉరి. చెప్పకపోతే కుళ్లి చస్తాను. అందుకే సినిమాలోనైనా వాడి బదులు నేను పోవాలనుకున్నాను. అది కూడా తప్పేనా?"

జగన్నాధం ఆ కన్నీళ్లవంకే చూశాడు. కన్నీళ్లు ఆయన వృత్తి. ఉల్లిపాయవి, గ్లిజరినువి, పెళ్లాం గుర్తొచ్చినవి, దేన్నయినా పది గజాల దూరం నుంచి పోల్చగలడు. ఇవి దొంగ కన్నీళ్లు కావు. అదే ఆయన్ని భయపెట్టింది. ఇతను నిజంగానే మారితే? అప్పుడు ఈ కథ అబద్ధం కాదుగా. అప్పుడు తాను ఈ వేషం కట్టొచ్చుగా. చీపురుపల్లి డేరాలో అమ్మడు ఒళ్లోకి జరిగి, తాతా నువ్వు మంచోడివా అని అడగొచ్చుగా.

చెయ్యి దానంతట అదే కథ కట్ట వైపు సాగింది.

"నమ్మవా? ఉండు." నరసింగరావు లేచాడు. ఉప్పున్న పిడికిలి గుండెకి ఆనించుకునే, ఎడమచేత్తో మొలతాడుకున్న తాళంచెవి తీసి, గుమ్మం లోపలే గోడ వారనున్న ఇనప్పెట్టె తెరిచాడు. పట్టుపంచెల కింద నుంచి ఒక గుడ్డ లాగి తెచ్చాడు. పసుపు రంగు వెలిసిపోయింది. ఎర్రంచు వెలవలేదు. అంచు ఇంకా లోపలికి మడిచే ఉంది.

తవిటమ్మ రెండు చేతులూ చాచి అందుకుంది. ముఖానికి ఆనించుకుంది. జగన్నాధం తల తిప్పుకున్నాడు.

"తొమ్మిదేళ్లు దేవుడి పటం దగ్గర పెట్టినట్టు పెట్టుకున్నాను," అన్నాడు నరసింగరావు వెక్కుతూ. "సముద్రం పాలు కానివ్వలేదు తవిటమ్మా. నా చేత్తో తీసి దాచాను."

తవిటమ్మ గుడ్డలోంచి ముఖం ఎత్తింది. ఒక్క కన్నీటి చుక్క లేదు. మడిచిన అంచు మీద వేలు పెట్టి, నిదానంగా అటునుంచి ఇటు రాసింది.

"పలక సముద్రం పట్టుకుపోయినాది బాబూ," అంది. "మా ఆయన్ని పట్టుకుపోయినాది. పలక కింద కుక్కిన గుడ్డ ఒక్కటీ మిగిలినాది. అంటే పలక నిలబడుండగానే తీసినారు."

నరసింగరావు వెక్కిళ్లు ఆగాయి.

"ఆ గుడ్డ తీస్తే నీలు ఆగవని, ఉప్పుపేటలో పాలు తాగే పిల్లకి తెలుసు. మీరు గుడ్డ లాగినప్పుడు మావోడు తూముకి ఏ పక్కనున్నాడు బాబూ? మీకేసి సూస్తన్నాడా?"

నరసింగరావు చూపు మెల్లగా తలుపు వైపు పోయింది. పిడికిట్లో ఉప్పు చెమటకి కరిగి వేళ్ల సందుల్లోంచి కారుతోంది.

జగన్నాధం కథ కట్ట మీదికి సాగిన చెయ్యి వెనక్కి తీసుకున్నాడు. మోకాళ్ల మీంచి లేచాడు. అమ్మడు ముఖం ఒక్కసారి కళ్ల ముందు మెదిలింది. దొడ్డిదారిన ఇంట్లోకి పోతున్న చిన్న వీపు కూడా కనిపించింది. పోనీ. ఇంకొన్నాళ్లు అటే పోనీ.

వరండా తలుపు మూసి గడియ పెట్టాడు. దానికి వీపు ఆనించి నిలబడ్డాడు. ముఖానికి రంగు లేదు, ముందు కెమెరా లేదు. ఎడమ కనుబొమ్మ మెల్లగా పైకి లేచింది. గణపతిరావు కాఫీ గ్లాసు కింద పెట్టేశాడు.

"చెప్పండి బాబూ," అన్నాడు కాలకంఠం, గొంతు బాగా తగ్గించి. "ఉప్పు మీ చేతిలోనే ఉంది."